వాదా గోడ: చెరిపే చెయ్యి ఎవరిది?

పోయిన వారం కాశమ్మను వకీలు వెంకటనారాయణ గారి గుమ్మంలో నిలబెట్టి నా దారిన నేను వెళ్లిపోయాను. చేతిలో ఫిర్యాదు నకలు. వారం రోజులుగా పాపం ఆమె అలాగే నిలబడి ఉంది. ఏం చేయను, పేజీలు అయిపోయాయి.

ఆమె భర్త ప్రకాశం రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. గూడ్సు పెట్టెల మీద నంబర్లు వేస్తాడు. ఎనిమిది రోజులుగా పోలీసుల చేతిలో ఉన్నాడు. దొంగతనం చేయలేదు, ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. ఒక నాయకుడు మైకులో అన్న మాటను గోడ మీద రాశాడు, అంతే. 'రెండు మతాలవాళ్ల మధ్య ద్వేషం పుట్టించే రాత' అని కేసు పెట్టారు. ఫిర్యాదు చేసింది ఎవరన్నది మాత్రం ఇన్నాళ్లూ బయటికి రాలేదు. వకీలు గారు కోర్టులో నకలు తీయించి, కళ్లద్దాలు తుడుచుకుని చదివిన పేరు జిలానీ.

జిలానీ అంటే పక్కింటి జిలానీ. పరుపులు కుట్టే జిలానీ. కాశమ్మ ఇంట్లో క్రిస్మస్ నాడు మొదటి కేకు ముక్క ఎవరింటికి వెళుతుందో ఆ జిలానీ. ఆ నాయకుడి మాట విని వచ్చిన మూక ఎవరి దుకాణంలో దూదికి నిప్పు పెట్టిందో, ఆ జిలానీ. వాడు ప్రకాశం మీద ఫిర్యాదు చేయడమా! రాస్తున్న నాకే ఒళ్లు మండింది, ఆమెకు మండదా?

గోడ సంగతి మధ్యలో వచ్చి చేరినవారికి నాలుగు ముక్కల్లో చెప్పాలి. యాకుత్‌పురా రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో సోమయ్య సేఠ్ గారి గోదాము గోడ ఉంది. తొమ్మిదేళ్ల కింద ప్రకాశం ఆయన్ను అడిగి దానికి నల్లరంగు పూశాడు. బస్తీకి వచ్చి మైకు పట్టుకుని ఎవరు ఏ మాట ఇచ్చినా, ఆ మాట ఉన్నదున్నట్టు, ఇచ్చినవాడి పేరు, తారీఖుతో సహా తెల్ల అక్షరాల్లో ఒక గీతగా ఆ గోడ ఎక్కుతుంది. వాదా అంటే ఇచ్చిన మాటే గదా, జనం దాన్ని వాదా గోడ అంటారు. మాట నెరవేర్చిన రోజు ఆ నాయకుడే స్వయంగా వచ్చి, ప్రకాశం చేతిలోని కుంచె తీసుకుని, నల్లరంగుతో తన గీతను తానే చెరుపుకోవాలి. అప్పుడు బంతిపూల దండ వేస్తారు, చప్పట్లు కొడతారు, చాయ్ తాగిస్తారు. ఇంకొకరు చెరపడానికి లేదు. ఒకసారి ఎవరో మోరీ కట్టిస్తానన్న వాదాను బొగ్గుతో రుద్దేస్తే, ప్రకాశం మర్నాడు డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా మళ్లీ రాశాడు. ఇన్నేళ్లలో చెరిగినవి నాలుగే నాలుగు గీతలు.

ఈ నెల తొమ్మిదిన ఉస్మాన్‌గంజ్ సభలో ఆ నాయకుడు, ప్రహ్లాద్ సేఠ్, మైకు ముందు నిలబడి, యాకుత్‌పురా బజారులో దసరా వచ్చేలోగా 'వాళ్ల' దుకాణం ఒక్కటి కూడా తెరిచి ఉండదన్నాడు. "ఇది నా వాదా" అని కూడా అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే కథ ఎలా ఉండేదో నాకు తెలియదు. వాదా అన్నాడు గనుక పదో తారీఖు ఆదివారం ప్రకాశం చర్చి నుంచి వస్తూనే డబ్బా, కుంచె తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. మంచి వాదాలే రాయాలని ఆ గోడకు నియమం లేదు. మళ్లీ ఆదివారం దాకా ఆగలేదు, గురువారం నాడే బజారు తగలబడింది. శుక్రవారం కర్ఫ్యూ పెట్టారు, ప్రకాశాన్ని పట్టుకెళ్లారు.

సరే, గుమ్మంలోంచి దించుదాం ఆమెను.

*

కర్ఫ్యూ సడలింపు రెండు నుంచి ఆరు వరకు. మూడింటికి పోలీస్ స్టేషన్ ఆవరణలో శాంతి కమిటీ సమావేశం. కాశమ్మను కూడా రమ్మని కానిస్టేబుల్ వచ్చి చెప్పి వెళ్లాడు. వకీలు గారు వద్దన్నారు. "నేను లేకుండా నోరు విప్పకు" అన్నారు. ఆమె నకలు కాగితం కొంగులో ముడేసుకుని వెళ్లింది. నోరు విప్పడానికే వెళ్లింది.

పాతబస్తీలో శాంతి కమిటీ అంటే ఏమిటో పుట్టి పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక షామియానా, ఇరవై మడత కుర్చీలు, ఉస్మానియా బిస్కెట్లు, సాసర్ల మీద చాయ్. ప్రతి గొడవ తర్వాతా ఆ కుర్చీల్లో వాళ్లే కూర్చుంటారు, మేమంతా అన్నదమ్ములం అంటారు, రిజిస్టరులో సంతకాలు చేస్తారు, బిస్కెట్లు తింటారు. మళ్లీ గొడవ అవుతుంది, మళ్లీ చాయ్ కాస్తారు. ఆడవాళ్లకు ఆ కుర్చీల్లో చోటు ఉండదు. కాశమ్మకు మాత్రం ఆవేళ ముందు వరసలో కుర్చీ వేసి ఉంచారు. ఆమె దాన్ని చూసి కూడా కూర్చోలేదు.

కుర్చీల మధ్య పెద్దమనిషి సోమయ్య సేఠ్. గోదాము ఆయనదే, కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. డెబ్బై దాటాయి, చెవి కాస్త దూరం, గట్టిగా అంటే గాని వినపడదు. ఆయన కుడిపక్కన ప్రహ్లాద్ సేఠ్, ఇస్త్రీ లాల్చీ, వెండి పాన్‌డాన్. మూడు తరాలుగా ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి హోల్‌సేలు వాళ్లది. మొన్నటిదాకా కార్పొరేటర్, ఇప్పుడు ఎమ్మెల్యే టికెట్టు మీద కన్ను. శాంతి కమిటీలో సభ్యుడు! ఆ, సభ్యుడే. నవ్వుకోండి.

చివర కుర్చీలో, ఎవరూ పక్కన కూర్చోకుండా, జిలానీ ఉన్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. కుడిచేతికి కాలిన గాయం, దాని మీద పసుపు రంగు మందు.

ఇన్‌స్పెక్టర్ వైకుంఠం లేచి గొంతు సవరించుకుని, "కూర్చో అమ్మా" అన్నాడు.

"నిలవడ్తనే నాకు మాటొస్తది సారూ. ముందుగాల జిలానీ భాయ్‌ని ఒక్క మాట అడగాలె."

"మన ఎజెండా ప్రకారం ముందు..."

ఆమె ఎజెండాను పట్టించుకోలేదు. కుర్చీల వరసలు దాటుకుని నేరుగా జిలానీ ముందుకు వెళ్లి నిలబడింది.

"నా మొకం చూడు భాయ్. నీ దుకాణం అంటుకున్నప్పుడు బిందె పట్టుకొని ఉరికొచ్చింది ఎవలు? నీ చెయ్యి గుంజి నిన్ను బయటేసింది ఎవలు? గా ప్రకాశమేనా, కాదా? గాయన మీదనే ఫిర్యాదు ఇస్తవా? ఏం పాపం చేసినం మేము? నీకు మనసెట్లొచ్చింది?"

జిలానీ నోరు తెరుచుకుని చూశాడు. "క్యా బోల్రే కాశమ్మ బెహన్? నేను? ప్రకాశం భాయ్ మీదనా? తోబ తోబ! ఖుదా కసమ్, నేను ఎందుకిస్త?"

"అబద్ధమాడకు. నీ పేరే ఉన్నది. నీ దస్తకత్ ఉన్నది." కొంగు ముడి విప్పి నకలు తీసి అతని ఒళ్లో పడేసింది.

జిలానీ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. తెలుగు అతను గలగలా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. తెలిసిన గుర్తు ఏదీ ఆ కాగితం మీద కనపడలేదు, కింద తన సంతకం ఉండాల్సిన చోట నకలు రాసినవాళ్లు వేసిన 'ఉర్దూ సంతకం' అన్న తెలుగు ముక్కలు కూడా అతనికి గీతలే. లేచి వెళ్లి సోమయ్య సేఠ్ చేతిలో పెట్టాడు.

"బాపూ, మీరు పెద్దమనిషి. జర చదివి చెప్పండి. దీంట్ల ఏమున్నది?"

ఇన్‌స్పెక్టర్ గబగబా ముందుకొచ్చి, "అది కోర్టు కాగితం, ఇక్కడ చదవడం పద్ధతి కాదు" అన్నాడు.

సోమయ్య సేఠ్‌కు చెవి దూరమని చెప్పాను గదా. ఆ పూట ఇంకాస్త దూరమైంది. అద్దాలు పెట్టుకుని ఒక్కొక్క మాటా చదివి, దాన్ని ఉర్దూలో చెప్పుకుంటూ వెళ్లాడు. 'సదరు ప్రకాశం గోడ మీద రాసిన రాత వలన నా మనసు తీవ్రంగా గాయపడినది. ఆ రాత వల్లనే జనం రెచ్చిపోయి నా దుకాణం తగలబెట్టినారు. కావున అతనిపై చర్య తీసుకోవలసినదిగా కోరుచున్నాను.'

సోమయ్య సేఠ్ అద్దాలు తీసి కాగితం మడిచాడు.

"యే మేరా నై!" జిలానీ గొంతు చిరిగింది. "ఇది నాది కాదు! ఆ రోజు ఠాణాల రాసుకునే రైటర్ సాబ్ ముందల కూసోని నేను ఉర్దూల అంతా చెప్పిన. సభల ప్రహ్లాద్ సేఠ్ ఏమన్నడు, ఎవరెవరు వచ్చిండ్రు, ఎవరి చేతుల కిరసనాయిలు డబ్బా ఉండె, పేర్లతోని చెప్పిన. చెయ్యి కాలి మంట పెడుతుంటె ఎడమ చేత్తోని దస్తకత్ చేసిన. 'నీ దుకాణం ఫిర్యాదే, చెయ్యి' అన్నరు. చేసిన. నాకేం ఎర్క!"

అక్కడ ఉన్నవాళ్లందరూ ఇన్‌స్పెక్టర్‌ని చూశారు. ఆయన రిజిస్టరును చూశాడు.

వకీలు గారింటి నుంచి వచ్చాక జిలానీ భార్య పిట్టగోడ మీది నుంచి పిలుస్తుంటే కాశమ్మ పలకలేదు. పిల్ల గిన్నె తెస్తే తలుపు వేసేసింది. సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది. "మాఫ్ చెయ్యి భాయ్, నేను నిన్ను మస్తు తిట్టుకున్న" అంది. జిలానీ బాగున్న చేత్తో కళ్లు తుడుచుకుని, "ఫికర్ నకో బెహన్, రంది పడకు" అన్నాడు. ఇద్దరికీ ఏడుపొచ్చింది. వచ్చిందంటే వచ్చింది, దాచడం దేనికి?

"సార్, నా ఫిర్యాదు వాపస్ ఇవ్వండి" అన్నాడు జిలానీ.

"కోర్టుకు వెళ్లిన కాగితం వెనక్కి రాదు."

"అయితె కోర్టులనే చెప్త. జడ్జి సాబ్ ముందల చెప్త."

ప్రహ్లాద్ సేఠ్ పాన్‌డాన్ మూత మూశాడు. అప్పటిదాకా చిరునవ్వుతో చూస్తున్నవాడు ఆ నవ్వు చెడకుండానే అన్నాడు, "అరే జిలానీ, సచ్ బోల్. గా గోడ మీద రాత చూస్తె నీకు బాధ అయితలేదా? ఇయ్యాల్టికి గూడ అట్లనే ఉన్నది గద. అది ఉండాల్నంటవా?"

ఇది గడుసు ప్రశ్న.

"అయితది సేఠ్. మస్తు అయితది. నా బిడ్డ తెలుగు బడికి పోతది. రోజూ ఆ గోడ ముందల నుంచే నడుస్తది. 'అబ్బాజాన్, వాళ్లు అంటే ఎవరు?' అని అడిగింది. మనమే బేటా అని ఎట్ల చెప్పాలె? రెండుసార్లు నేనే తుడుద్దామని గుడ్డ పట్టుకొని పోయిన." అతను కాశమ్మ వైపు తిరిగాడు. "ప్రకాశం భాయ్‌కి కూడ చెప్పిన బెహన్, చెరిపెయ్యి అని. ఆయన ఏమన్నడో ఎర్కనా? 'ఇది చెరిపితె రేపు నేను అనలేదంటడు జిలానీ. ఉండనియ్యి' అన్నడు. నేను కోపం చేసిన. ఇప్పుడు సమజైంది. ఇగో, ఈడ కూసోని శాంతి కమిటీల చాయ్ తాగుతున్నడు చూడు."

"మాట జర జాగ్రత్త!" ప్రహ్లాద్ సేఠ్ పక్కనున్న ఒకాయన లేవబోయాడు. సేఠ్ చెయ్యి ఊపి కూర్చోబెట్టాడు.

కాశమ్మ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చింది. "సారూ, నేను బడిల ఆయాను. సదువుకున్నదాన్ని గాదు. జర నాకు తెలిసేటట్టు చెప్పుండ్రి. మైకుల అన్నాయన మీద కేసు ఏమైంది?"

"ఇలాంటి కేసులు కోర్టులో నడవాలంటే గవర్నమెంటు అనుమతి కావాలమ్మా. మేము సెక్రటేరియట్‌కు రాశాం. జవాబు రావాలి."

"మరి గోడ మీద రాసినాయన మీద?"

"అదీ రాశాం. అది ఎల్లుండికి వస్తుంది."

"రెండు ఎప్పుడు పంపిండ్రు?"

"ఒకే రోజు. ఒకే కవర్లో."

"ఒక్క కవర్ల పోయిన రెండు కాయితాలల్ల ఒకటి ఎల్లుండికే వస్తదని మీకెట్ల ఎర్కైంది సారూ?"

వెనక వరసలో ఎవరో పక్కున నవ్వి, దగ్గుతో కప్పుకున్నారు. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది. పిల్లలున్నవాడు, బదిలీ అంటే భయం ఉన్నవాడు. కానీ జాలి జాలే, ఆయన చేసిన పని అలాగే ఉంది. జిలానీ లాంటివాళ్లను కాపాడడానికే ఆ చట్టం రాశారని వకీలు గారు పోయిన వారం కాశమ్మకు విడమరిచి చెప్పారు. ఆ చట్టాన్ని జిలానీ సంతకంతోనే ప్రకాశం మెడకు తగిలించారు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

"ఇగ లొల్లి చాలు." ప్రహ్లాద్ సేఠ్ లేచి లాల్చీ సర్దుకున్నాడు. గొంతులో తేనె పోసుకున్నాడు. "కాశమ్మా, నువ్వు మా బస్తీ ఆడబిడ్డవు. ప్రకాశం నా దోస్తు. డెబ్బై తొమ్మిదిల బస్తీకి నల్లా నీళ్లు తెప్పిస్తనన్న వాదా నేను పూరా చేస్తె, గీ చేత్తోనే కుంచె పట్టి చెరిపిన. ఆయననే నాకు దండేసిండు. యాదికున్నదా?"

"యాదికున్నది సేఠూ. దండ గుచ్చింది నేనే."

"మరి! ఇంకేంది? సభల నాలుగు మాటలు జోష్‌ల వస్తయి. ఎవలన్న గవన్ని పట్టుకుంటరా? నా ముచ్చట నేను చెప్పుకునే హక్కు నాకు లేదా? గాలిల పోయే మాటను గోడకెక్కిచ్చి ఆయన తప్పు చేసిండు."

"సభల అంటె హక్కు, గోడ మీద రాస్తె తప్పా? ఒక్కటే మాట గద సేఠూ. మీదే. మా ఆయన అందుల ఒక్క అక్షరం కలపలే."

"నేను గట్ల అననే లేదంటున్న."

"ఇప్పుడే గద జోష్‌ల అన్నమన్నరు!"

ఈసారి నవ్వును ఎవరూ దగ్గుతో కప్పుకోలేదు. సేఠ్ మొహంలో నవ్వు తొలిసారి చెడింది.

"సరే, మీరు అనలేదనుకుందాం" అంది కాశమ్మ. "గోడ కాడికి రండ్రి. అందరి ముందల 'నేను అనలే' అని చెప్పి, మీ చేత్తోనే చెరుపుండ్రి. లేదు, అన్నరు, అన్నట్టే అయింది అంటరా, అప్పుడు గూడ మీరే చెరపాలె. నల్లా వాదా ఎట్ల చెరిపిండ్రో గట్లనే. దండ నేనే గుచ్చి తెస్త."

సేఠ్ వచ్చి చెరిపితే మాట నెరవేర్చుకున్నట్టు, అంటే బజారు తగలబెట్టించింది తానేనని ఒప్పుకున్నట్టు. చెరపకపోతే ఎన్నికల దాకా, ఆ తర్వాతా, రైల్వే స్టేషన్‌కు వెళ్లే ప్రతివాడూ చదువుతాడు. నల్లా పేరు చెప్పి ఓట్లు అడిగిన మనిషి, ఆ గోడ పద్ధతి తనకు తెలియదని అనలేడు. నాలుగు గీతల్లో ఒకటి ఆయన చేత్తో చెరిపినదే.

ప్రహ్లాద్ సేఠ్ వచ్చి ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. తేనె పోయింది.

"నేను రాను. నువ్వే చెరుపుతవు. ఇయ్యాల్నే, ఆరు కొట్టకముందే, నీ చేత్తోని. చెరుపు, నీ మొగని మీద కేసు రేపే తీసేపిస్త. సెక్రటేరియట్‌ల ఆ కాయితం ఆగేది, కదిలేది నా ఒక్క మాట మీదనే. చెరపకుంటివా, ఎల్లుండికి అనుమతి వస్తది. రైల్వే నౌకరి పోతది, ఆయన అడిగిన క్వార్టర్ గూడ రాదు. ఇరవై రెండేండ్ల సర్వీసు. మంచిగ ఆలోచన చేస్కో."

ఇది ఆమెకు తెలియని సంగతి కాదు. పోలీసుల చేతిలో రెండు రోజులు దాటగానే ప్రకాశాన్ని సస్పెండ్ చేస్తూ వర్క్‌షాపు నుంచి కాగితం వచ్చింది. కేసు నడిస్తే నౌకరి గాలిలో దీపమే. ఇద్దరు పిల్లలు ఇంకా బడిలో ఉన్నారు. ఆయా జీతంతో ఆ ఇల్లు గడవదు. ఒక తడిగుడ్డ, ఒక చుక్క కిరసనాయిలు, ఒక నిమిషం పని. పద్దెనిమిదేళ్లుగా రోజూ సాయంత్రం బడిలో నల్లబోర్డులు తుడిచే చెయ్యి ఆమెది. చెరపడం ఆమెకు కొత్త కాదు.

జిలానీ గొంతు వినపడింది: "చెరిపెయ్ బెహన్. నేను ఏమనుకోను. ప్రకాశం భాయ్ ఇంటికి రావాలె."

కాశమ్మ సేఠ్ వైపు తిరిగి అడిగింది. "సేఠూ, మళ్లొక్కపారి చెప్పుండ్రి. నేను ముసల్దాన్నయిన, మరుపెక్కువ. నేను గీత చెరిపితె ఏం చేస్తరు?"

"నీ మొగని మీద కేసు తీసేపిస్త."

"గవర్నమెంటు కాయితం?"

"నా మాట మీదనే ఉన్నదంటి గద."

"ఇది వాదానా?"

ప్రహ్లాద్ సేఠ్ చుట్టూ చూశాడు. ఇరవై మంది పెద్దమనుషులు, ఇన్‌స్పెక్టర్, రిజిస్టరు. గెలిచినవాడిలా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇది నా వాదా."

"మంచిది" అంది కాశమ్మ. దండం పెట్టి బయటికి నడిచింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టర్ చాయ్ తెమ్మన్నాడు. రిజిస్టరులో 'సమస్య సామరస్యంగా పరిష్కారమైనది' అని రాసుకున్నారు కూడా.

*

సడలింపు వేళ బజారు కిటకిటలాడుతోంది. పాల కోసం, ఉల్లిగడ్డల కోసం, కిరసనాయిలు కోసం జనం పరుగులు పెడుతున్నారు. రెండు రోజుల్లో సద్దుల బతుకమ్మ. ఒక ముసలమ్మ బుట్టలో తంగేడు పువ్వు పెట్టుకుని, కొనేవాళ్లు లేక ఊరికే కూర్చుంది. కాలిన దుకాణాల ముందు నుంచి నడుస్తుంటే బూడిద వాసన ఇంకా పోలేదు.

కాశమ్మ ఇంటికి వెళ్లింది. మంచం కింద నుంచి ప్రకాశం డబ్బా తీసింది. గుడ్డ తీసింది, కిరసనాయిలు సీసా తీసింది. అన్నీ చూసింది. గుడ్డ, సీసా మళ్లీ మంచం కిందికి నెట్టేసింది.

గోడ దగ్గరికి వచ్చేసరికి అయిదు దాటింది. ఆమె చేతిలో డబ్బా చూసి ఒకరిద్దరు ఆగారు. తర్వాత పదిమంది. "చెరుపుతదట" అని ఎవరో అన్నారు. "ఏం చేస్తది పాపం, మొగడు లోపలున్నడు" అని ఇంకొకరు. ఆమె అందరి మాటలూ వింటూనే మూత తీసింది. లోపల తెల్లరంగు చూసి మాటలు ఆగాయి.

పద్దెనిమిదేళ్లు తుడిచే ముందు చదివింది ఆమె. పంతులమ్మ రాసి వెళ్లిన ప్రతి బోర్డునూ, అ నుంచి ఱ దాకా, లెక్కల నుంచి సూక్తుల దాకా, గుడ్డ వేసే ముందు ఒక్కసారి పైకి చదువుకునేది. చదవడం వచ్చు. రాయడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. ప్రకాశం రాసిన అక్షరాలు గూడ్సు పెట్టె మీద నంబర్ల లాగా నిటారుగా ఉంటాయి. ఆమె అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గీత కొండెక్కి దిగింది. రంగు కారి మోచేతి దాకా వచ్చింది. అయినా ఆపలేదు.

ప్రహ్లాద్ సేఠ్ పాత గీత కింద, వేలెడు జాగా వదిలి, ఆమె రాసింది ఇది:

'కాశమ్మ ఈ గీత చెరిపితే ప్రకాశం మీద కేసు రేపే తీసేపిస్త. సెక్రటేరియట్‌ల కాయితం ఆగేది, కదిలేది నా మాట మీదనే. ఇది నా వాదా. ప్రహ్లాద్ సేఠ్, శాంతి కమిటీ, పోలీస్ స్టేషన్.'

జనంలో చదవగలిగినవాళ్లు చదవలేనివాళ్లకు చదివి చెప్పారు. తెలుగు వచ్చినవాళ్లు ఉర్దూ వాళ్లకు చెప్పారు. ఆ మాట గల్లీల్లోకి పాకుతుంటే ఇళ్లల్లోంచి ఇంకా జనం వచ్చారు. జిలానీ పరుగెత్తుకుంటూ వచ్చి గోడను, ఆమెను చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఏం చేసినవ్ బెహన్! నౌకరి పోతది!"

"పోనీ. మాట ఇచ్చిండు, రాసిన. ఇన్నేండ్ల సంది మా ఆయన చేసిన పనే గద. నేనేం కొత్తగ చేసిన?" భయం వేసింది ఆమెకు. భయంతోనే చేసింది.

అప్పుడే జీపు వచ్చింది.

జనాన్ని తోసుకుంటూ వచ్చి గోడకు పది గజాల దూరంలో ఆగింది. ముందు ఇన్‌స్పెక్టర్ దిగాడు. వెనక నుంచి ఇద్దరు కానిస్టేబుళ్లు. వాళ్ల మధ్య, ఎనిమిది రోజుల గడ్డంతో, చొక్కా గుండీలు తెగి, ప్రకాశం. ఎడమ చేతికి బేడీ, దాని రెండో కొస కానిస్టేబుల్ చేతికి. కుడి చేతిలో గుడ్డ. కిరసనాయిలు వాసన కాశమ్మ దాకా వచ్చింది.

"నీ భార్య ఒప్పుకుందయ్యా, చెప్పాను గదా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గట్టిగా. ఆయన ఇంకా గోడ చూడలేదు. "ఆమె చెయ్యి ఆడడం లేదేమో. నువ్వే కానిచ్చెయ్. నువ్వు రాసిందే గనుక నువ్వు చెరిపినా పంచనామాకు సరిపోతుంది. ఆ తర్వాత ఇంటికి వెళ్లిపోవచ్చు."

ప్రకాశం కాశమ్మను చూశాడు. నమ్మి వచ్చాడు ఆయన. భార్య ఒప్పుకుందని, ఓడిపోయిందని, తనకోసమే ఓడిపోయిందని నమ్మి, ఆ గుడ్డ పట్టుకుని వచ్చాడు. ఆమె చెప్పబోయేలోగానే ఆయన గోడ వైపు నడిచాడు. బేడీ లాగుతుంటే కానిస్టేబుల్ కూడా నడిచాడు.

పాత గీత ముందు ఆగాడు. గుడ్డ ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. కింద తడి రంగు మెరుస్తోంది. ఆయన వంగి ఒక్కొక్క అక్షరం చదివాడు. చివరిదాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ కూడా అప్పుడే చదివాడు, టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"ఎవలు రాసిండ్రు?" ప్రకాశం వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నేనే" అంది కాశమ్మ.

"నువ్వా?"

"నేనే అంటి గద."

పోలీస్ స్టేషన్ వైపు నుంచి ఆరు గంటల సైరన్ మొదలైంది. ఇక రోడ్డు మీద ఎవరు ఉన్నా కాల్చవచ్చు. ఒక్కరు కదల్లేదు. కానిస్టేబుళ్లు ఇన్‌స్పెక్టర్ వైపు చూశారు. ఉస్మాన్‌గంజ్ వైపు నుంచి ప్రహ్లాద్ సేఠ్ తెల్ల అంబాసిడర్ హారన్ కొట్టుకుంటూ వస్తోంది.

ప్రకాశం చేతిలోని గుడ్డ కింద పడేశాడు. ఖాళీ అయిన చెయ్యి భార్య ముందు చాచాడు.

"తారీఖు ఎయ్యలేదేందే? కుంచె ఇటియ్యి."